బండి బయల్దేరింది

శ్రుతి ఆ ఉద్యోగంలో చేరిన కొత్తలో వాళ్లమ్మ ఈరమ్మకు అదేం పనో ఎంత చెప్పినా అర్థం కాలేదు.

"పొద్దంత ఫోన్ల ఏం మాట్లాడ్తవే?" అని అడిగేది, మగ్గం పక్కన కూర్చుని కండెలు చుడుతూ.

"నేనేం మాట్లాడనమ్మా. వాళ్లే మాట్లాడ్తరు. ఎవరికో పానం బాగుండదు, ఏడ్సుకుంట ఫోన్ చేస్తరు. ఏ ఊరో, ఏమైందో అడిగి దగ్గర్ల ఉన్న అంబులెన్సును పంపియ్యాలె. అంతే."

"బండి పోతది గద?"

"పోతది."

"మరింక మంచి పనేనాయె," అన్నది ఈరమ్మ.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడు జిల్లాల్లో అంబులెన్సులు నడిపే ట్రస్టు అది. పెద్దాఫీసు వనపర్తిలో. గద్వాలలో చెప్పుల దుకాణం మీద ఒక గది, అందులో ఒక కంప్యూటరు, పగటి పూట శ్రుతి; రాత్రిళ్లు, ఆదివారాలు ఫోన్లు వనపర్తికే పోయేవి. ఊళ్లల్లో గోడల మీద ఎర్ర రంగుతో ట్రస్టు నంబరు రాసి ఉండేది. ఫోను రాగానే శ్రుతి వివరాలు కంప్యూటర్లో కొట్టి బండిని ఎంచుకుంటే, అది వనపర్తిలోని పెద్ద మిషనుకు పోయి, అక్కడినుంచి డ్రైవరు ఫోనుకు చేరేది. తెర మీద 'సందేశం పంపబడింది' అని పచ్చ అక్షరాలు పడేవి. అవి పడగానే ఫోనులో ఉన్నవాళ్లకు "బండి బయల్దేరింది" అని చెప్పాలి. శిక్షణలో అట్లాగే నేర్పించారు. 'పంపినం' అంటే జనం నమ్మరు, 'బయల్దేరింది' అంటే ధైర్యంగా ఉంటారు అన్నారు. డ్రైవర్లకు ఊరికే ఫోన్లు చేసి సతాయించొద్దని కూడా చెప్పారు.

మొదట్లో ఆ తెర చాలా సతాయించింది. ఎండాకాలంలో ఒకరోజు ఫోనులో ఒకామె బిడ్డ నోట్లోంచి నురగ వస్తున్నదని అరుస్తుంటే, తెర మీద చక్రం తిరుగుతూనే ఉండింది. బండి చివరికి సమయానికే చేరింది కానీ శ్రుతి ఆ పూట అన్నం తినలేకపోయింది. వనపర్తికి ఫోను చేసి, కంప్యూటర్లు చూసుకునే శ్రవణ్ కుమార్ మీద గట్టిగా అరిచింది.

"జర చూడన్నా! అక్కడ మనుషుల పానాలు పోతుంటే నేనీడ చక్రం చూసుకుంట కూసోవాల్నా?"

శ్రవణ్ మరుసటి రోజే బస్సెక్కి వచ్చాడు. నెమ్మదస్తుడు, ముప్పై దాటినవాడు. కంప్యూటరు ముందు సగం పూట కూర్చుని, ఆమె వైపు తిరిగాడు.

"ఇగ చూడు."

ఆమె వేలు మీట మీంచి లేవకముందే తెర తెరుచుకుంది.

"ఏం చేసినవన్నా?"

"ఈ కంప్యూటరుకు వనపర్తి మిషను పేరు తెల్సు, అడ్రసు తెల్వదు. నువ్వు ఏం కొట్టినా ముందు హైదరాబాదుల ఇంకో మిషన్ని అడగాలె, ఈ పేరు గలది ఎక్కడుంటది అని. ఆ లైను నీకు తెల్సు గద, ఉంటే ఉంటది లేకుంటే లేదు. ఇప్పుడు ఎనక ఒక చిన్న సర్వీసు పెట్టిన. అది ఒక్కసారి అడిగి అడ్రసు గుర్తు పెట్టుకుంటది. మల్ల బయటికి పోకుంట అదే చెప్తది. లైను పోయినా నీ పని ఆగొద్దని, చాన రోజులు గుర్తుండేటట్టు పెట్టిన."

"ఏది, నాకు కనవడ్తలేదే?"

"కనవడదు. దాని పని అది చేస్కుంటది."

శ్రుతికి నిజంగానే సంతోషమైంది. ఆయనకు కింది హోటల్లో ఉగ్గాని, బజ్జీ తినిపించి పంపింది. ఆ తర్వాత నెలల తరబడి తెర ఎన్నడూ ఆగలేదు. ఆ సర్వీసు సంగతే ఆమె మరిచిపోయింది.

*

ఆ సోమవారం పొద్దున మొదటి ఫోను రాజోలి నుంచి వచ్చింది.

"అమ్మా, మా ఆడామెకు పాము కరిసింది! మిరపచేన్ల కలుపు తీస్తుంటే కాలికి కరిసిందమ్మా. నాగుపాము. నేను కండ్లార చూసిన."

"మీ పేరేందన్నా? ఎక్కడున్నరు?"

"మద్దిలేటి. రాజోలి. ఇంటికాడికి తీస్కొచ్చినం. ఊరు మొదట్ల, చౌరస్తా దాటినంక ఎడమచేతి పక్క."

"మాట్లాడ్తుందా?"

"మాట్లాడ్తుంది. భయపడ్తుంది, అంతే. జోగులమ్మ ఆమె పేరు."

శ్రుతి అన్నీ కొట్టింది. దగ్గరున్న బండి శాంతినగర్‌లో ఉంది, డ్రైవరు ఇస్రాయేలు. పచ్చ అక్షరాలు వెంటనే పడ్డాయి.

"బండి బయల్దేరిందన్నా. ఆమెను నడవనియ్యకుండ్రి, కదిలించకుండ్రి. కాలు కిందికి పెట్టి పండవెట్టుండ్రి. మంత్రాలు, కోసుడు, పీల్చుడు ఏం చేయొద్దు."

"ఇక్కడ మావోళ్ల ఆటో ఉందమ్మా. కర్నూలుకు తీస్కపోదునా?"

ఆ ప్రశ్నకు కూడా శిక్షణలో జవాబు నేర్పారు. ఆటోలో కుదుపులకు విషం తొందరగా ఎక్కుతుంది; అంబులెన్సులో ఊపిరి అందించే మిషను ఉంటుంది. తప్పు జవాబేం కాదు, బండి వస్తున్నట్లయితే.

"వద్దన్నా. మా బండ్ల ఆక్సిజను ఉంటది. వచ్చేస్తది, జర ఓపిక పట్టుండ్రి."

మళ్లీ ఫోను వచ్చినప్పుడు ఆయన గొంతు మారింది.

"అమ్మా, బండి రాలే. ఆమెకు రెప్పలు వాల్తున్నయి. లేపుదామంటే లేస్తలేవంటుంది."

శ్రుతి తెర చూసింది. రాజోలి కేసు, శాంతినగర్ బండి, సందేశం పంపబడింది. అన్నీ ఉన్నాయి.

"బయల్దేరిందన్నా. తొవ్వల ఉంది."

"ఆటో ఆయన కూలోళ్లను తీస్కపోవాల్నంట. ఆగుమంటే ఆగ్తడు. ఆపుదునా?"

"మా బండి వస్తుందన్నా."

"అయితే పొమ్మంట," అన్నాడు మద్దిలేటి. ఎవరితోనో పక్కకు తిరిగి, "పో తమ్మీ, అంబులెన్సు వస్తుందంట," అనడం శ్రుతికి వినిపించింది.

ఆ తర్వాతి ఫోనులో మద్దిలేటి మాటలు సరిగ్గా అర్థం కాలేదు. వెనుక ఆడవాళ్ల ఏడుపులు. జోగులమ్మకు మాట ముద్దగా వస్తున్నదని, ఉమ్మి మింగలేకపోతున్నదని ఎవరో అంటున్నారు. శ్రుతి మళ్లీ తెర చూసింది. అవే పచ్చ అక్షరాలు. "వస్తుంది" అన్నది. ఫోను పెట్టేశాక గడియారం చూసింది. శాంతినగర్ నుంచి రాజోలి అంత దూరమేం కాదు. డ్రైవరుకు ఫోను చేయొద్దన్న మాట పక్కన పెట్టి, ఇస్రాయేలు నంబరు నొక్కింది.

"ఇస్రాయేలన్నా, ఎందాక వచ్చినవ్?"

"ఏడికి?"

"రాజోలికి! పాము కేసు!"

"ఏం రాజోలి? నాకేం రాలేదు చెల్లె. పొద్దటిసంది శాంతినగర్‌లనే ఉన్న. బండి కడుగుతున్న."

ఇస్రాయేలు "హలో, హలో" అన్నాడు. తర్వాత ఆమె ఏం చెప్పిందో ఆమెకే గుర్తులేదు. ఆయన తడి బండినే తీసుకుని దౌడు తీశాడు. శ్రుతి రాజోలికి ఫోను చేసి, "అన్నా, ఇప్పుడు బయల్దేరింది" అన్నది. అప్పటిదాకా ఆమె నోటితో చెప్పిన వాటిల్లో అదొక్కటే నిజం. అవతల ఎవరో ఆడమనిషి ఫోను ఎత్తి, "ఎవరు?" అని అడిగి, జవాబు వినకుండానే పెట్టేసింది.

ఇస్రాయేలు చేరేసరికి వాళ్లు జోగులమ్మను ఒక ట్రాక్టరు ట్రాలీలో వేసుకుని కర్నూలు తొవ్వ పట్టారు. ఊరు దాటినాక వాళ్లను కలుసుకుని, ఆపి, ట్రాలీ ఎక్కి చూశాడు. ఊపిరి లేదు. అయినా ఆమెను బండిలోకి మార్చి, ముక్కుకు మిషను పెట్టి, కర్నూలు దాకా తీసుకుపోయాడు. దవాఖానలో డాక్టరు చెయ్యి పట్టుకుని చూసి, "జర ముందు తెస్తే బతుకుతుండె. పాము మందుకు ఇది లొంగే కేసే" అన్నాడట. ఆ మాట మద్దిలేటి వినలేదు. ఇస్రాయేలు ఒక్కడే విన్నాడు. సాయంత్రం శ్రుతికి ఫోను చేసి, ఉన్నదున్నట్టు చెప్పి పెట్టేశాడు.

*

ఆ తర్వాత వచ్చిన కేసులన్నిటికీ శ్రుతి డ్రైవర్లకు తనే ఫోను చేసి చెప్పింది. మరుసటి రోజు శ్రవణ్ వచ్చాడు. ఉప్పునుంతలలో వాళ్లక్క అత్తగారి ఊళ్లో బొడ్రాయి పండుగకు పోయి, కబురందగానే అటునుంచి అటే వచ్చాడు. నుదుటి మీది పసుపు ఇంకా పూర్తిగా పోలేదు. కంప్యూటరు ముందు కూర్చుని ఏదో కొట్టాడు. తెర మీద అంకెల వరుస ఒకటి వచ్చింది. దాన్ని చూసి కొయ్యబారిపోయాడు.

"ఏందన్నా?"

"ఇది పాత మిషను అడ్రసు."

"అంటే?"

ఆయన వనపర్తికి ఫోను చేసి కనుక్కుని చెప్పాడు. ఆదివారం వనపర్తిలో కొత్త మిషను పెట్టారు. మేనేజరు లక్ష్మణ్ పెట్టించాడు. శ్రవణ్ వచ్చేదాకా ఆగుదామని ఎవరూ అనుకోలేదు, ఆయనకు చెప్పనుకూడా లేదు. పేరు అదే ఉంచి, అడ్రసు మాత్రం కొత్తదానికి మార్చారు. డ్రైవర్ల ఫోన్లన్నీ కొత్తదానికి కలిపారు. ఎందుకైనా పనికొస్తుందని పాతదాన్ని ఆపకుండా ఓ మూలకు నడవనిచ్చారు. వనపర్తిలో, నాగర్‌కర్నూల్‌లో కంప్యూటర్లు ఆపి మళ్లీ పెట్టారు కాబట్టి అవి కొత్త అడ్రసు తెలుసుకున్నాయి. గద్వాల సంగతి ఎవరికీ తట్టలేదు.

"ఇక్కడ నేను పెట్టిన సర్వీసు ఉంది గద," అన్నాడు శ్రవణ్. "అది ఎవర్నీ అడగలే. దానికి గుర్తున్న అడ్రసే చెప్పింది. నువ్వు కొట్టిందంత పాత మిషనుకు పోయింది. అది తీస్కుంది. పంపిన అన్నది. కని దాంతోటి ఇగ ఏ డ్రైవరు ఫోను లేదు."

"మరి దాన్ని మరిచిపోయేటట్టు చెయ్యనీకె రాదా?"

"వస్తది."

ఆయన ఒక చిన్న మాట కొట్టి, మీట నొక్కాడు. మళ్లీ అడిగాడు. ఈసారి వేరే అంకెలు వచ్చాయి.

"అయిపోయిందా?" అన్నది శ్రుతి.

"అయిపోయింది."

"గింతేనా?"

శ్రవణ్ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. శ్రుతి ఆ కొత్త అంకెల వైపు చూస్తూ నిలబడింది. తనను చక్రం చూస్తూ కూర్చోబెట్టొద్దని ఆ ఎండాకాలం ఆయన మీద అరిచింది తనే. ఆయన చేసింది ఆమె కోసమే. తిట్టడానికి ఆమెకు ఎవరూ దొరకలేదు. దొరికి ఉంటే కొంచెం ఊపిరాడేదేమో.

*

ఇంట్లో ఈరమ్మ ఎంత బతిమాలినా శ్రుతి అన్నం ముట్టలేదు.

"నువ్వేం చేస్తవ్ బిడ్డా? ఆ మిషను చెప్పింది నువ్వు చెప్పినవ్."

"మిషను 'పంపిన' అన్నదమ్మా. 'బయల్దేరింది' అన్నది నేను."

ఈరమ్మ అన్నం కంచం మీద మూత పెట్టింది.

కర్మలు అయిపోయాక శ్రుతి ఒక్కతే రాజోలి బస్సెక్కింది. ఎందుకు పోతున్నదో ఆమెకు స్పష్టంగానే తెలుసు. ఇస్రాయేలు చెప్పాడు, మద్దిలేటి తనను తానే తిట్టుకుంటున్నాడని, చేనుకు ఆమెను తోలింది తనేనని తల బాదుకుంటున్నాడని. ఆయన తప్పేం లేదని చెప్పాలి. చెబితే ఆయనకైనా బరువు దిగుతుంది.

ఇంటి ముందు టార్పాలిన్ ఇంకా విప్పలేదు. మద్దిలేటి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నలభై అయిదేళ్లుంటాయేమో, గడ్డం పెరిగి ఇంకా పెద్దవాడిలా ఉన్నాడు.

"కాకా, నేను గద్వాల నుంచి వచ్చిన. అంబులెన్సు ఆఫీసుల..."

ఆమె ముగించకముందే ఆయన తల ఎత్తాడు.

"ఈ గొంతు నీదేనా?"

"నాదే కాకా."

ఆయన లేచి లోపలికి పోతాడేమో, కొడతాడేమో అనుకుంది. ఆయన పక్కనున్న పీట ఆమె వైపు జరిపాడు. "కూసో బిడ్డా. నీళ్లు తాగుతవా?"

శ్రుతి నీళ్లు తాగలేదు. అన్నీ చెప్పింది. పాత మిషను, కొత్త మిషను, గుర్తుపెట్టుకునే సర్వీసు, ఇస్రాయేలుకు అందని సందేశం. తనకు అర్థమైనంత సులువు మాటల్లో చెప్పింది. మద్దిలేటి మధ్యలో అడ్డం రాలేదు.

"అంటే," అన్నాడు చివరికి, "బండి రానే లేదు."

"రాలేదు కాకా. నీ తప్పేం లేదు."

"నేను తొవ్వల్నే ఏదో అయ్యుంటదనుకున్న. టైరు పంచరో, గేటు పడ్డదో. పాము గట్టిది, ఆమె రాత గట్ల ఉంది, బండి వచ్చినా పానం నిలవకపోతుండె అనుకున్న." ఆయన నేల మీద వేలితో ఏదో గీసి చెరిపేశాడు. "ఆటో పిల్లగాడు రెండోపారి నువ్వు మాట్లాడినప్పుడు గూడ ఈన్నే ఉండె. ఇంజను చాలు చేసుకునే ఉండె. నేనే పొమ్మన్న. ఆమె అన్నది, ఆటోల పోదమయ్యా అని. నోరు తిరుగుతుండె అప్పటికి. నేను, సప్పుడు జెయ్యకే, ఆక్సిజను బండి వస్తుంది అన్న."

శ్రుతి ఏడ్చింది. మద్దిలేటికి ఏడుపు రాలేదు.

"పోయుంటే బతుకుతుండెనా?" అని అడిగాడు.

కర్నూలు డాక్టరు మాట ఆమెకు తెలుసు. తెల్వదు అనొచ్చు. ఇంకో అబద్ధం చెప్పే ధైర్యం ఆమెలో లేదు.

"బతుకుతుండె కావచ్చు కాకా."

మద్దిలేటి ఆ రోజు ఆటో నిలబడ్డ జాగా వైపు చూశాడు. తను దింపుతానని వచ్చిన బరువును తన చేతులతోనే ఇంకా పైకి ఎత్తి పెట్టిందని శ్రుతికి అప్పుడు తెలిసింది.

*

వనపర్తికి పోదామన్నది మద్దిలేటే. "వాళ్ల నోటితోటి ఒక్కసారి అనిపిస్త, మా వల్ల అయింది అని. ఇంకేం వద్దు." శ్రుతి వెంట పోయింది.

లక్ష్మణ్ వాళ్లను మర్యాదగానే కూర్చోబెట్టాడు. చాయి తెప్పించాడు. మద్దిలేటి చెప్పిందంతా విని, తన ముందున్న తెరను ఆయన వైపు తిప్పాడు.

"చూడు పెద్దమనిషీ, ఆ రోజు వచ్చిన కేసులన్నీ ఇవి. ఉప్పునుంతల ఉంది, పెబ్బేరు ఉంది. రాజోలి పేరు ఉందా? నువ్వే చూడు. రాజోలి నుంచి మాకు కేసే రాలేదు."

"నేను ఫోన్ చేసిన సార్. నా ఫోన్ల ఉంది చూడుండ్రి."

"చేసినవు కావచ్చు. ఈ అమ్మాయితోటి ఏం మాట్లాడినవో, ఈమె ఏం చేసిందో మాకెట్ల తెలుస్తది? ఎక్కించి ఉంటే దీంట్ల ఉంటుండె." లక్ష్మణ్ శ్రుతి వైపు చూడకుండా అన్నాడు. "ఆమెను అందుకే తీసేసినం."

తీసేశారని శ్రుతికి అప్పుడే తెలిసింది.

"సార్, పాత మిషన్ల ఉంది," అన్నది. "శ్రవణన్నను అడుగుండ్రి."

శ్రవణ్‌ను పిలిపించారు. ఆయన గడప దగ్గరే నిలబడ్డాడు. మద్దిలేటి ఎవరో ఎవరూ చెప్పకముందే పోల్చుకున్నట్టు తల దించుకున్నాడు.

"ఉండె సార్," అన్నాడు. "కేసు పాత మిషన్ల ఎక్కింది. నేను చూసిన. ఆ సర్వీసు పెట్టింది నేనే. ఈమెది తప్పు లేదు."

"ఆ పాత మిషను ఏది?" అన్నాడు లక్ష్మణ్.

"మీరే తుడిచేయమన్నరు గద సార్. నాగర్‌కర్నూల్‌కు పంపాలె అన్నరు. బుధవారం తుడిచేసిన."

"మరింకేం? ఉన్నదాన్ని చూపియ్యి, ఒప్పుకుంట. లేనిదాన్ని పట్టుకుని ట్రస్టు మీద పడితే, రేపు మూడు జిల్లాలల్ల మాకెవ్వరు ఫోన్ చేస్తరు? పానాలు పోవా?"

శ్రవణ్ ఇంకోసారి అదే మాట అన్నాడు, కొంచెం గట్టిగా. లక్ష్మణ్ ఆయనను బయటికి పొమ్మన్నాడు. ఆయన పోలేదు. వాచ్‌మన్ వచ్చి భుజం పట్టుకుంటే అప్పుడు పోయాడు. మద్దిలేటి ముందున్న చాయి మీద మీగడ కట్టింది.

"మా ఆడామె సచ్చింది సార్," అన్నాడు మద్దిలేటి.

"పాపం," అన్నాడు లక్ష్మణ్. ఆ మాట ఆయన నిజంగానే అన్నాడు.

ఇద్దరూ బస్టాండుకు నడిచారు. గద్వాల బస్సు నిలబడి ఉంది. జనం కిటికీల్లోంచి తువ్వాళ్లు వేసి సీట్లు ఆపుకుంటున్నారు. శ్రుతి ఎక్కబోతుంటే మద్దిలేటి ఆగమన్నాడు.

"నువ్వు దీంట్ల పో బిడ్డా. నేను తర్వాతదాంట్ల వస్త."

"ఇద్దరం ఒక్క దిక్కే గద కాకా."

"నీ గొంతు ఇంటుంటే నాకు ఆ పొద్దు యాదికొస్తుంది," అన్నాడు. కోపంగా అనలేదు. "నువ్వు మంచిదానివే. నిజం చెప్పనీకె వచ్చినవ్. కని నువ్వు రాకుంటే, ఆమె రాత అనుకుని ఎట్లనో ఒకట్ల బతుకుతుంటి. ఇప్పుడు రాత అననీకె రాదు. ఆటోను నేనే పొమ్మన్న."

శ్రుతి చెయ్యి బస్సు కడ్డీ మీదే ఉండిపోయింది. కండక్టరు ఎక్కుతావా లేదా అని అరిచాడు. మద్దిలేటి అప్పటికే వెనక్కి తిరిగి ప్లాట్‌ఫారం చివరికి నడుస్తున్నాడు. అక్కడ ఖాళీగా ఉన్న సిమెంటు బెంచీ మీద, ఆమెకు వీపు పెట్టి కూర్చున్నాడు. ఆమె ఆయన వెంట పోలేదు, పిలవలేదు. ఏం పిలిచినా ఆ గొంతుతోనే పిలవాలి. నోరు మూసుకుని ఎక్కింది.